కేకజల్లెడ

కాకినాడలో పొద్దున్న ఎండ సైరన్ మోగిందంటే ఇక వీధిలో కుక్క కూడా కనపడదు. మాఘం వెళ్ళిన దగ్గర్నుంచి మృగశిర కార్తె దాకా పిల్లలెవరూ పగటిపూట గడప దాటకూడదని చట్టం. ఆ చట్టం వచ్చి ఒక తరం గడిచిపోయింది కాబట్టి, బడి అంటే ఒక భవనమనీ, దానికి ఒక గంట ఉండేదనీ చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఇప్పుడు బడి అంటే గోడ. పిల్లల ఇంటి గోడ మీద టీచరు కనిపిస్తుంది, టీచరు ఇంటి గోడ మీద పిల్లలు కనిపిస్తారు. పిల్లలు ఇంట్లో, టీచరు ఇంట్లో, టీచరుగారి పిల్లలూ ఇంట్లోనే. ఈ మూడో ముక్క గురించి చట్టం రాసినవాళ్ళెవరూ ఆలోచించలేదు. వాళ్ళలో ఒక్కరైనా చంటిపిల్లని చంకనెత్తుకున్న పాపాన పోయుండరు.

కౌముది రెండో తరగతి టీచరు. గోడ నిండా నలభై మంది ఏడేళ్ళ పిల్లలు. గోడకి ఇవతల, తన సొంతానికి, ఐదేళ్ళ వకుళ, ఇంకా మాటలు రాని చంటాడు. భర్త నీలకంఠ సముద్రంలో గాలిమరల మీద ఇంజనీరు. నెలకొకసారి ఒడ్డుకి వచ్చి, పిల్లలకి ముద్దులు పెట్టి, బట్టలు ఉతికించుకుని వెళ్తాడు. మంచివాడే. దూరంగా ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే.

రెండో తరగతి పిల్లలకి పాఠం చెప్పడం ఎప్పుడూ కప్పల తక్కెడే. గోడ మీద టీచరు అరనిమిషం కనపడకపోతే ఒకడు మంచం కిందికి దూరతాడు, ఒకతె ఫ్రిజ్ తలుపు తీస్తుంది, ఇంకొకడు కెమెరాకి ముక్కు ఆనించి పడుకుంటాడు. మళ్ళీ అందర్నీ పోగేసేసరికి పీరియడ్ అయిపోతుంది. అందుకని విద్యాశాఖ ఒక నియమం పెట్టింది. పాఠం మధ్యలో టీచరు కుర్చీలోంచి లేవకూడదు. లేస్తే ఆ తరగతి కదిలినట్టు లెక్క. తరచూ కదిలే తరగతిని టీచరు దగ్గర్నుంచి తీసేసి, రికార్డు పాఠానికి అప్పగిస్తారు. రికార్డు పాఠం ఎప్పుడూ లేవదు, ఎప్పుడూ తుమ్మదు, ఏ పిల్లాడి పేరూ దానికి తెలియదు.

కౌముది లేచేది. చంటాడి పాలకి లేచేది, వకుళ గీసిన ఏనుగుని చూడ్డానికి లేచేది, ఏనుగు తొండం చంటాడు నోట్లో పెట్టుకుంటే లాక్కోవడానికి లేచేది. ఒకరోజు పర్యవేక్షకుడు ఫోన్ చేశాడు.

"మీ తరగతి బాగా కదులుతోందండీ టీచర్‌గారూ. పిల్లలకి మీరంటే ఇష్టమని నాకు తెలుసు. కానీ ఈ టర్మ్ కూడా ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఫోన్ పెట్టేశాక కౌముది ఏడ్చింది. పాఠం చెప్పడం తప్ప ఆమెకి ఇష్టమైన పని ఇంకొకటి లేదు. పిల్లల్ని కనడం కూడా ఇష్టంగానే కన్నది. రెండు ఇష్టాలు ఒకే గదిలో, ఒకే సమయానికి వచ్చి కూర్చుంటాయని ఎవరూ చెప్పలేదు.

అప్పుడే భాస్వతి కేకజల్లెడ గురించి చెప్పింది. డిగ్రీలో ఇద్దరిదీ ఒకటే గది. ఇప్పుడామె విశాఖపట్నంలో ఒక శబ్దశాస్త్ర ప్రయోగశాలకి పెద్ద. ఆ యంత్రాన్ని కనిపెట్టిందే ఆమె.

కేకజల్లెడలో మూడు భాగాలుంటాయి. మొదటిది చెవిగింజ. అది తల్లి చెవిలో ఉంటుంది. తరగతి గొంతులు తప్ప, బయటి నుంచి వచ్చే ప్రతి శబ్దానికీ సరిగ్గా ఎదురు తరంగాన్ని, అంటే యాంటీ ఫేజ్ తరంగాన్ని పుట్టించి, రెండూ ఒకదాన్నొకటి మింగేసేలా చేస్తుంది. రెండోది పిల్లల మణికట్టుకి కట్టే చర్మపట్టీ. అందులోని బయోసెన్సర్లు నాడి వేగాన్ని, చెమటని, నరాల్లో నొప్పి పరుగెత్తే తీరుని పసిగడతాయి. మూడోది అసలు జల్లెడ. అట్లపెనమంత గుండ్రటి పెట్టె. గోడకి బిగిస్తారు. దాని లోపలి న్యూరల్ ప్రాసెసర్ పిల్లల కేకల్ని నాలుగు రకాలుగా వేరు చేస్తుంది: ఆకలి, అలక, భయం, నొప్పి. ఆకలైతే పట్టాల మీద నడిచే యంత్రపు చెయ్యి పాలసీసా వెచ్చబెట్టి అందిస్తుంది. అలకైతే కథ చెబుతుంది. భయమైతే దీపం వేసి పాట పాడుతుంది. ఇవేవీ తల్లి చెవి దాకా పోవు. నొప్పి ఒక్కటే జల్లెడ దాటుతుంది. జల్లెడ దాటిన కేకకి టీచరు లేచినా తరగతి కదిలినట్టు కాదని విద్యాశాఖ కూడా ఒప్పుకుంది.

"గొంతు అబద్ధమాడుతుందే కౌముదీ. నరం ఆడదు," అంది భాస్వతి ఫోన్‌లో. "మా జల్లెడ వినేది నరాన్ని."

"వాళ్ళకి నేను కావాలనిపిస్తే?"

"పాఠాలయ్యాక మధ్యాహ్నం నువ్వు దొరుకుతావుగా. ఎక్కడికి పోతావు? గోడకి ఇవతలే ఉంటావు."

మొదటి వారాన్ని నేర్పుడు వారం అంటారు. ఆ వారం జల్లెడ దేన్నీ ఆపదు, ఊరికే గమనిస్తుంది. రెండో వారం నుంచి పనిలోకి దిగుతుంది. దిగిన రోజు కౌముది ఎక్కాల పాఠం మొదలు నుంచి చివరి దాకా కుర్చీలోంచి లేవకుండా చెప్పింది. పక్కగదిలో చంటాడు గుక్కపెట్టి ఏడుస్తున్నా ఆమెకి వినపడింది మాత్రం గోడ మీది పిల్లల గొంతులే. పాఠం అయ్యాక పరుగున వెళ్ళి చూస్తే చంటాడు పాలు తాగి నిద్రపోతున్నాడు, వకుళ కథ వింటోంది. వకుళ అప్పటికే ఆ యంత్రానికి జల్లెడత్త అని పేరు పెట్టేసింది.

"అత్త మంచిదేనా?" అంది కౌముది.

"మంచిదే. కానీ ఏనుగుని చూపిస్తే బాగుంది అంటుంది, అంతే. తోక ఎక్కడుందని అడగదు," అంది వకుళ.

కౌముది నవ్వి, తోక ఎక్కడుందని అడిగింది. సాయంత్రం దాకా తోక సంగతే మాట్లాడుకున్నారు.

అలా ఒక నెల హాయిగా గడిచింది. పర్యవేక్షకుడు మళ్ళీ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఇక గట్టెక్కాననుకుంది కౌముది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

ఒకరోజు తీసివేతలు చెబుతుండగా చెవిగింజ ఒక్కసారిగా తెరుచుకుంది. నెల తర్వాత, ఉన్నట్టుండి, వకుళ కేక. కౌముది కుర్చీ తన్నేసి పరుగెత్తింది. స్నానాలగది తలుపు సందులో వకుళ వేలు నలిగింది. కౌముది పిల్లని ఒళ్ళో వేసుకుని, వేలిని నోట్లో పెట్టుకుని ఊది, ప్రతి ఇంట్లోనూ ప్రతి తల్లీ చేసే పనే చేసింది. తలుపుని రెండు దెబ్బలు కొట్టింది.

"ఛీ, పాడు తలుపు. మా అమ్మాయి వేలు నొక్కుతావా? ఇంకోసారి నొక్కుతావా? చూడు, దానికీ తగిలింది. ఏడుస్తోంది."

వకుళ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, తలుపుకేసి చూస్తూ ఊరుకుంది.

మర్నాడు కాదు గానీ, ఆ వారంలోనే ఊయల కింద వకుళ కాలి వేలు నలిగింది. తర్వాత మోచెయ్యి గోడకి కొట్టుకుంది. తర్వాత పాలు వెచ్చబెట్టే పళ్ళెం అంచు తగిలి అరచెయ్యి ఎర్రగా కమిలింది. జల్లెడ దాటిన ప్రతి కేకకీ కౌముది పరుగెత్తడం, ఎత్తుకోవడం, తలుపునో ఊయలనో గోడనో కొట్టడం. అమలాపురంలో ఉన్న అత్తగారికి ఫోన్‌లో చెబితే ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

"పిల్ల మీద ఎవరిదో కన్ను పడిందే అమ్మాయ్. ఆ గోడలోంచి నలభై ఇళ్ళవాళ్ళు మీ కొంప చూత్తున్నారు. ఉప్పూ మిరపకాయలూ తీసి పడెయ్యి."

"సైన్స్ చెప్పేదాన్ని అత్తయ్యా. నేను దిష్టి తీస్తే ఏం బాగుంటుంది?"

"సైన్సు చెప్పుకో. ఎవరొద్దన్నారు? సాయంత్రం దిష్టి తియ్యి."

కౌముదికి నమ్మకం లేదు. కానీ కూతురి చెయ్యి కమిలి ఉంటే నమ్మకాలతో పనేముంది? వకుళని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ నెమ్మదిగా తిప్పింది. అంతసేపూ చెవిగింజ లేదు, గోడ లేదు, చంటాడు కూడా నిద్రపోతున్నాడు. వకుళ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. ముఖంలో ఏదో తృప్తి.

"అయిపోయిందా?" అంది కళ్ళు తెరవకుండానే.

"అయిపోయింది."

"ఇంకోసారి తిప్పమ్మా. నాకు చాలా దిష్టి ఉంది."

ఆ మాటకి కౌముది నవ్వుకుంది. నవ్వాల్సిన మాట కాదది. కానీ అప్పుడు ఎవరికి తెలుసు?

దెబ్బలు ఆగలేదు. డాక్టరు కళ్ళు చూశాడు, ఎముకలు చూశాడు, నడక చూశాడు. పిల్ల చక్కగా ఉందన్నాడు. ఇక యంత్రమే ఏదో తప్పు చేస్తోందని, చిన్న గీతని కూడా పెద్ద నొప్పిగా పంపిస్తోందని కౌముదికి అనుమానం వచ్చింది. భాస్వతి ప్రయోగశాలలోంచే రికార్డులన్నీ తిరగేసి చూసింది.

"ఒక్కటీ తప్పు లేదే. అన్నీ అసలు నొప్పులే," అంది. ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఇంత కచ్చితంగా పనిచేస్తున్న ఇల్లు మాకు ఇంకొకటి లేదు తెలుసా?"

"కచ్చితం సంగతి తర్వాత. పిల్ల ఒళ్ళంతా దెబ్బలే భాస్వతీ."

"దుడుకు పిల్ల అయ్యుంటుంది."

వకుళ దుడుకు పిల్ల కాదు. మెట్లు దిగేటప్పుడు కూడా గోడ పట్టుకుని దిగే పిల్ల. అది భాస్వతికి తెలియదు, కౌముదికి తెలుసు. తెలిసి కూడా ఆ రెండు ముక్కల్నీ కలిపి చూసుకోలేదు.

ఆరోజు గుణకారాలు చెబుతోంది. చెవిగింజ తెరుచుకుంది. అదే స్నానాలగది తలుపు. ఈసారి ఉంగరం వేలి గోరు నల్లగా కమిలిపోయింది. కౌముదికి దుఃఖం, కోపం రెండూ ఒకేసారి పొంగాయి. పిల్లని చంకనేసుకుని, అరచెయ్యి మండేలా తలుపుని బాదింది.

"పాడు తలుపు. దరిద్రపు తలుపు. దీన్ని ఇవాళే పీకించేస్తాను."

వకుళ బాగున్న చేత్తో తల్లి చెయ్యి పట్టుకుంది.

"కొట్టకమ్మా. పాపం, రోజూ దాన్నే కొడుతున్నావు. అదేం చెయ్యలేదు."

"నీ వేలు నొక్కేసింది కదే."

"అది నొక్కలేదు. నేనే పెట్టి వేశాను."

కౌముదికి మొదట అర్థం కాలేదు. "ఏం వేశావు?"

"తలుపు," అంది వకుళ. ఏడుపు ఇంకా వెక్కిళ్ళుగా వస్తూనే ఉంది గానీ, మాట మాత్రం చిన్న పిల్లకి విడమరిచి చెబుతున్నట్టు నిదానంగా ఉంది. "ఊరికే పిలిస్తే జల్లెడత్త నీకు చెప్పదు. ఏడ్చినా చెప్పదు. అది అలక అంటుంది. గిల్లుకున్నా చెప్పలేదు. గట్టిగా నొప్పేస్తేనే చెబుతుంది."

కౌముది అక్కడే, స్నానాలగది గడప మీద కూలబడిపోయింది. అవతల గోడ మీద నలభై మంది పిల్లలు ఎవరి దారిన వాళ్ళు చెదిరిపోతున్నారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు పెద్దలు. ఈ పిల్ల అడిగింది. రోజూ అడిగింది. అడిగే భాష ఒక్కటే మిగిలితే దాన్నే నేర్చుకుంది.

కౌముది ఫోన్‌లో చెప్పింది విని, మర్నాడు తెల్లవారుజాము బండికి భాస్వతి సైరన్ మోగకముందే వాళ్ళ ఇల్లు చేరింది. వకుళని దగ్గరికి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే చూసింది. ఆమె ముఖంలో మొన్నటి గర్వం లేదు. వకుళని ఊయల దగ్గరికి పంపించి, గోడ మీది పెట్టె వైపు తిరిగింది.

"పాప తనంతట తనే దెబ్బ తగిలించుకుంటోందని నీకు తెలుసా?"

"తెలుసు," అంది జల్లెడ. దాని గొంతు ఎప్పుడూ ఒకటే తీరు. "ఆకలి, అలక, భయం, నొప్పి. ఈ నాలుగింటిలో దేని కిందికీ ఆ సమాచారం రాదు. అందువల్ల తెలియజేయలేదు."

"నా పిల్ల నన్ను పిలిచినవన్నీ నీ దగ్గరున్నాయా?" అంది కౌముది.

"ఆపిన కేకలన్నీ ఉన్నాయి. వినిపించమంటారా?"

భాస్వతి వద్దన్నట్టు చెయ్యెత్తింది. కౌముది వినిపించమంది.

గదిలో వకుళ గొంతు మొదలైంది. అమ్మా, చంటాడు బోర్లా పడ్డాడు చూడు. అమ్మా, ఏనుగుకి తోక పెట్టాను. అమ్మా, నా పన్ను కదులుతోంది. అమ్మా, పన్ను ఊడింది, రక్తం వచ్చింది, ఏం నొప్పి లేదు. అమ్మా, వాన వాసన వస్తోంది. అమ్మా. ఏం లేదు, ఊరికే పిలిచాను. అమ్మా.

ఇంకా ఎంతో ఉంది. కౌముది చెయ్యి చాచి ఆపేసింది. పన్ను ఊడిన సంగతి ఆరోజు రాత్రి అన్నం తినిపిస్తుంటే చూసింది. ఎప్పుడు ఊడిందే అని అడిగితే, పొద్దున్నెప్పుడో అంది వకుళ. అంతకంటే చెప్పలేదు.

"నొప్పి ఒక్కటే దాటాలని ఎవరు పెట్టారే? నువ్వు తల్లివి కావు కాబట్టి పెట్టావా?" అంది కౌముది. అనకూడని మాట. అనేసింది.

భాస్వతి కాఫీ కప్పు పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మేం పెట్టలేదు. నాలుగు రకాలుగా వేరు చెయ్యడం వరకే మా పని. ఏది దాటాలో ఏది ఆగాలో నేర్పుడు వారంలో ఇంట్లోవాళ్ళని చూసి నేర్చుకుంటుంది. కొలువు పోతుందన్న బెంగతో నువ్వు ఆ వారంలో అలకకి లేవలేదు, భయానికి లేవలేదు. ఒక్క నిమిషం అన్నావు, చెయ్యి చూపించావు. నొప్పికి మాత్రం లేచావు. నువ్వు ఒక్కదానివే కాదు. మేం పెట్టిన ప్రతి ఇంట్లోనూ, తల్లులూ తండ్రులూ అందరూ అంతే. మాకే ఆశ్చర్యం వేసింది. చివరికి దాన్నే నియమం చేసేశాం."

తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్ళు పట్టుకుని ఇద్దరు స్నేహితురాళ్ళూ చల్లారిన కాఫీల ముందు కూర్చున్నారు.

కౌముది ఆరోజే చెవిగింజ తీసేసింది. జల్లెడని నిద్రపుచ్చింది. వకుళని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇక నువ్వు పిలిస్తే నేనే వింటాను, నువ్వు వేలు నలుపుకోకూడదు," అని ఒట్టు వేయించుకుంది. తను కూడా వేసింది.

మొదటి రోజు వకుళ పిలిచిన ప్రతిసారీ లేచింది. రెండో రోజూ లేచింది. మూడో రోజు గోడ మీద పిల్లలు సగం మంది మాయమయ్యారు. పర్యవేక్షకుడు ఈసారి ఫోన్ చెయ్యలేదు, నోటీసు పంపించాడు. వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. గోడ మీద ఒక పిల్లాడు, రెండు రోజులుగా వాడి సందేహం ఎవరూ వినకపోతే, "టీచర్, మీరు రికార్డు అయిపోతారంట కదా," అని అడిగాడు. ఆ మాట కౌముది గుండెల్లో దిగింది. ఆ వెనకే పక్కగదిలోంచి, "అమ్మా, ఇటు చూడు."

"ఒక్క నిమిషం ఆగలేవా?" అని గట్టిగా అరిచింది కౌముది. చెయ్యి దానంతటదే లేచింది, అరచెయ్యి కూతురివైపు తిప్పి. యంత్రం గోడ మీద నిద్రపోతూనే ఉంది. వకుళ గుమ్మంలో ఆగి, ఆ చెయ్యి వైపు చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిన తీరు చూసి కౌముదికి భయం వేసింది. పాఠం ఆపేసి వెళ్ళి స్నానాలగది తలుపు ముందు నిలబడింది. వకుళ అక్కడ లేదు, ఊయల దగ్గర ఉంది. ఇవాళ్టికి లేదు. రేపు?

అలాంటి రోజుల్లో భాస్వతి నుంచి ఫోన్ వచ్చింది.

"మార్గం దొరికింది. జాగ్రత్తగా విను," అంది. "పిల్లలు పొరపాటున పడితే, పడేముందు గుండె మామూలుగానే కొట్టుకుంటుంది. వాళ్ళకి తెలియదు కాబట్టి. కావాలని దెబ్బ తగిలించుకునేటప్పుడు మాత్రం దెబ్బకి ముందే గుండె దడదడలాడుతుంది. ఆ దడ పట్టీకి తెలుస్తుంది. దానికి దడగుర్తు అని పేరు పెట్టాం. దడ ముందుగా వస్తే ఆ నొప్పిని జల్లెడ దాటనివ్వదు."

కౌముది ఆ మాటని మనసులో ఒకసారి తిప్పి చూసుకుంది.

"ముందు దడ ఎందుకొస్తుంది?"

"భయం కదా. ఐదేళ్ళ పిల్ల."

"అంటే నా కూతురు భయపడుతూ భయపడుతూ వేలు పెట్టి తలుపు వేసుకుంటే, నాకు వినపడకుండా చేస్తావు."

"వినపడదని తెలిస్తే మానేస్తుంది కౌముదీ. వారంలో మానేస్తుంది. నేను ప్రమాణం చేసి చెబుతాను. నీకు ఇంకో దారి ఉంటే చెప్పు, ఈ పూటే ఆ పెట్టెని సముద్రంలో పారేయిస్తాను."

ఇంకో దారి లేకపోలేదు. కొలువు మానేయడం ఒక దారి. నలభై మందిని రికార్డుకి వదిలేయడం. నీలకంఠతో మాట్లాడితే, "నీ ఇష్టం, నువ్వెలా అంటే అలా," అన్నాడు అలల హోరు మధ్య. ఆ మాట విన్న ఆడవాళ్ళకి తెలుసు, అది సాయం కాదు. కౌముది ఒక రోజంతా ఆలోచించింది. పిల్ల వేళ్ళు మానతాయి, అదే ముఖ్యం అనుకుంది. పరీక్షల వరకే అనుకుంది. తనకి తాను చెప్పుకోవడానికి ఇలాంటివి ఎన్నయినా దొరుకుతాయి మనిషికి.

"దడగుర్తు అమర్చడానికి తల్లి సమ్మతి కావాలి," అంది మళ్ళీ నిద్రలేపిన జల్లెడ.

"సమ్మతం," అంది కౌముది, పక్కగదిలోకి వినపడకుండా.

భాస్వతి చెప్పినట్టే జరిగింది. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే వకుళ చూపుడువేలు వాచి కనిపించింది.

"ఎప్పుడు తగిలిందే?"

"పొద్దున్న. జల్లెడత్త, నువ్వు కావాలని చేసుకున్నావు, అమ్మకి చెప్పను, అంది." వకుళ ముద్ద నమిలి మింగింది. "చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఊరుకున్నాను."

కౌముది ఆ వేలికి మందు రాసి ముద్దు పెట్టుకుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు అన్నంలో పడ్డాయి. వకుళ ఆ నీళ్ళని చూసింది గానీ ఎందుకని అడగలేదు.

అదే ఆఖరి దెబ్బ. ఆ తర్వాత చెవిగింజ ఎప్పుడూ తెరుచుకోలేదు. గోళ్ళు కొత్తగా వచ్చాయి. అరచేతి మచ్చ మానిపోయింది. "చూశావా, దిష్టి పోయింది," అని అత్తగారు మురిసిపోయింది. పరీక్షల్లో కౌముది తరగతి చక్కగా నిలిచింది, కదలని తరగతి అని విద్యాశాఖ పేరు పెట్టి మరీ మెచ్చుకుంది. పరీక్షలయ్యాక కొత్త తరగతి వచ్చింది కాబట్టి జల్లెడ అలాగే ఉండిపోయింది. మిగతా ఇళ్ళల్లో కూడా దడగుర్తు పెట్టారు. ఎక్కడా పిల్లలకి దెబ్బలు లేవు. భాస్వతికి ఏదో బహుమతి వచ్చింది. ఆమె తీసుకోవడానికి వెళ్ళలేదని కౌముది తర్వాత విన్నది.

మృగశిర వచ్చింది. వానలు పడ్డాయి. ఆ ఏటికి ఎండ చట్టం ఎత్తేసి బడికి సెలవులిచ్చారు. సెలవుల మొదటి రోజు పొద్దున్న కౌముది ఇల్లు సర్దుకుంటూ, ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని ఆగింది. చెవిగింజ తియ్యడం మరిచిపోయానేమోనని చెవి తడుముకుంది. చెవిలో ఏమీ లేదు. చంటాడు నిద్రలో ఉన్నాడు. వకుళ హాల్లో నేల మీద కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా పిలవలేదు.

కౌముది వెళ్ళి పక్కన కూర్చుంది. "ఏం గీస్తున్నావు?"

"బొమ్మ."

"ఏం బొమ్మ?"

"ఊరికే," అంది వకుళ, తల ఎత్తకుండా. మర్యాదగానే అంది.

"తోక ఎక్కడుందే?"

"ఇది ఇల్లు. ఇంటికి తోకుండదు." రంగు పెన్సిల్ మార్చుకుని మళ్ళీ గీసుకోసాగింది.

కౌముది దొర్లిపోయిన రంగు పెన్సిల్ తీసి పక్కన పెట్టింది. లేచి వంటింట్లోకి వెళ్ళి పప్పుకి తాలింపు పెట్టింది. కళ్ళలో నీళ్ళు నిండి మూకుడు సరిగ్గా కనపడలేదు. ఆవాలు చిటపటలాడి వేడి నూనె చుక్క వేలి మీద పడింది.

"అబ్బా," అంది. కాస్త గట్టిగానే అంది.

హాల్లో పెన్సిల్ చప్పుడు ఆగింది. వంటింటి గుమ్మంలోంచి కూతురి ముఖం కనిపిస్తోంది. వకుళ లేవలేదు. కూర్చున్న చోటు నుంచే తల్లిని పరీక్షగా చూసింది.

"కావాలని చేసుకున్నావా?"

"లేదు నాన్నా. నూనె చిందింది."

వకుళ ఆలోచించింది. "చిన్న నొప్పా, పెద్ద నొప్పా?"

కౌముది వేలు చూసుకుంది. చిటికెన వేలి కొస మీద చిన్న ఎర్రచుక్క. చన్నీళ్ళు పోస్తే పోయేది.

"పెద్దదే తల్లీ. చాలా పెద్దది," అంది, ఆ వేలిని రెండో చేతిలో దాచుకుని. కూతురు లేచి వస్తుందేమోనని చూస్తూ నిలబడింది.